శేషగిరి స్నోబ్లోయర్ తైలవిజయము

శ్రీమన్మసాచుసెట్స్ మహామండలమున, రెండువేల పదిహేనవ సంవత్సర ఫిబ్రవరి మాసమున, ఆకాశము మూడు దినములు ఎడతెగని హిమశరవర్షము కురిపించి కార్లను అద్దములదాక ముంచివైచిన యొక మంగళవారపు ప్రభాతమున, సాఫ్ట్‌వేర్ దోషసంహారకుడును, హెచ్‌వన్‌బీ వీసాధరుడును, స్వెట్టరుద్వయ కవచుడునగు శేషగిరి, గరాజునుండి వీథిదాక మంచున మునిగిన తన డ్రైవ్‌వేను గాంచి నిట్టూర్చెను.

ఏల యన, ఆరేండ్ల నిరీక్షణానంతరము గ్రీన్‌కార్డు దరఖాస్తుపై వర్క్ పర్మిట్ పొందిన అతని భార్య సుమతికి, తొమ్మిది మైళ్ళ యవతలి లైబ్రరీలో పదకొండు గంటలకు తొలి ఇంటర్వ్యూ. గరాజులోని మంచు చిమ్ము యంత్రమైన స్నోబ్లోయరో, పొరుగువారి పాతసామాన్ల యార్డ్ సేల్‌లో కొన్న నాటినుండి ఇంజన్‌లో నూనెచుక్క లేక మౌనవ్రతము పూనియుండెను.

"వెరవకుము దేవీ! ఈ హిమదుర్గమును భేదించి నీ రథమును రాజమార్గమున నిలుపకున్న నేను శేషగిరినే కాను!" అని వీరుడు గర్జించెను.

"ముందు మాన్యువల్ చదువు గిరీ," అన్నది సుమతి.

"పదేళ్ళు బైక్ మెయింటెయిన్ చేశాను. నాకు మాన్యువలా?"

అని పలికి, పురపాలక బండ్లు వీథిని ఊడ్చి ప్రక్కకు నెట్టిన మోకాలిలోతు మంచున అరమైలు నడచి, హార్డ్‌వేర్ దుకాణము చొచ్చి, నూనెల వరుసయెదుట నిలిచెను. 5W-30, 10W-30, SAE 30 అను నానావిధ నామధేయములతో సీసాలు చతురంగబలములవలె బారులు తీరియుండ, వీరుడు ఆ కొసనుండి ఈ కొసకు రెండుమార్లు నడచెను. సాయము వలయునా యని యడిగిన దుకాణపు ముదుసలితో "నో థ్యాంక్స్, జస్ట్ లుకింగ్" అని బొంకి, టెక్సాస్‌లోని మిత్రుడు కోటేశ్వరరావుకు ఫోన్ చేసెను. స్నోబ్లోయరును కలలోనైనను గాంచని యా మహానుభావుడు, "చిక్కటిది తీస్కో బ్రో. ఎంత చిక్కగా ఉంటే ఇంజన్‌కి అంత బలం!" అని ఉపదేశించెను.

వీరుని హస్తము చిక్కని SAE 30 మెడను బట్టిన యా క్షణముననే ఫోన్ మ్రోగెను.

"గిరీ, మాన్యువల్ నేనే చదివాను. ఈ చలికి 5W-30 వాడమన్నారు. W అంటే వింటర్. దాని ముందు నంబర్ చిన్నదైతే చలిలో ఆయిల్ పల్చగా పారుతుంది. చిక్కటిది పోస్తే నువ్వు స్టార్టర్ తాడు కూడా లాగలేవు. ఏది తీసుకున్నావ్?"

ధర్మసంకటము! వీరుని చేయి దొంగపిల్లివలె పై అరలోని 5W-30 సీసాకు ప్రాకెను.

"సరిగ్గా అదే పట్టుకున్నాను," అనెను.

అటుపిమ్మట గరాజున తైలాభిషేకము. ఉత్సాహమున సీసా మొత్తము క్రుమ్మరింపబోవ, ఇంటర్వ్యూ కోటు తొడిగిన సుమతి నూనెమట్టము కొలుచు డిప్‌స్టిక్‌ను ఖడ్గమువలె నెత్తి, "ఆపు! పై గీత దాటకూడదు," అని వారించెను. వీరుడు తాడు లాగెను. యంత్రము దగ్గెను. మరల లాగెను. తుమ్మెను. మూడవమారు లాగ, దిక్కులు పిక్కటిల్ల గర్జించి, మంచును ఆకాశమునకు చిమ్మి, అందు సగము వీరుని మీసములపైననే కురిపించెను.

పది గంటల ఇరువది నిమిషములకు కారు కదలెను. సుమతి అద్దము దించి, "లోపలికెళ్ళి వేడిగా ఏదైనా తాగు, హీరో," అని నవ్వి వెడలిపోయెను.

దిగంతములారా, వినుడు! గరాజు తలుపు మొదలు పోస్టుడబ్బా పర్యంతము ముప్పది అడుగుల భూమండలమును జయించి, శేషగిరి దానిని, మధ్యాహ్నము మరల మంచు మొదలగువరకు, ఏకచ్ఛత్రముగా నేలెను!