కేశవరావు గారి ఆఖరి భోజనం

రాజోలులో కేశవరావు మాస్టారు ఆ ఆదివారం పొద్దున్నే పనసపొట్టు కూర వండాలని తీర్మానించుకున్నారు. భార్య పోయాక ఆయనకు ఎదురుగా కూర్చుని తినే మనిషే లేరు. పాపం, ఫోను నిలబెట్టి దానికి చూపిస్తూ తింటున్నారు. ప్రతి వీడియో చివరా "మా ఇంటికి భోజనానికి రండి" అని పిలుస్తారు. ఆ పిలుపు వినేది పదకొండు మంది, వచ్చేవాళ్ళు సున్నా.

వీడియోలు ఎక్కించి పెట్టేది పక్కింటి యామిని.

"కూర ఎవరు చూస్తారండీ బాబాయిగారూ! ఏడుపో, గొడవో, చావో ఉంటేనే ఫోను నలుగురికీ చూపిస్తుందండి."

"నాకు వాటిలో చావే తేలికమ్మా," అన్నారాయన.

"ఆయ్!" అని ఆ పిల్ల ఆ పూట వంట వీడియోకి 'ఇదే నా ఆఖరి భోజనం' అని పేరు తగిలించేసింది. ఇంకేముంది! వేలమంది చూశారు. చూసినవాళ్ళు ఊరంతా పంపారు. పంపినవాళ్ళు "పోయేరట" అని ఒక ముక్క చేర్చారు.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. పిలుపు అందుకున్నారనుకుని మాస్టారు పొంగిపోయి, మళ్ళీ ఎసరు పెట్టి, ఆకులు పరిచేశారు. ముందు పాత సహోద్యోగి అమ్మిరాజు గారు, వెనక ఆయన పిలిపించిన ఫ్రీజర్ బాక్సు వ్యాను.

"దండ ఎందుకండీ అమ్మిరాజు గారూ! మీరు రావడమే పదివేలు. కూర్చోండి, వడ్డిస్తాను."

అమ్మిరాజు గారు దండ వీపు వెనక దాచారు. "ఏమీ అనుకోకండి మాస్టారూ. చావుకని బయల్దేరేమండి. ఇక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకోవాలండి."

"నేను చావలేదు కదండీ!"

"అందులో మా తప్పేం లేదు కదండీ," అన్నారాయన, ఎంతో మర్యాదగా.

చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు గనుక, ఎవరూ చెప్పకుండానే వెళ్ళిపోయారు. వరసగా ఆకులు, ఆకుల నిండా అన్నం, తినే దిక్కు లేదు. మాస్టారికి ఏడుపు ఆగలేదు.

"కదలకండి బాబాయిగారూ!" యామిని ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఈ కన్నీళ్ళని లక్షమంది చూస్తారండి!"

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. గుమ్మంలో వ్యాను డ్రైవరు సుభాష్ నిలబడి ఉన్నాడు.

"బాక్సు తీసుకెళ్ళిపోనాండీ?"

"తీసుకెళ్ళు బాబూ. భోంచేశావా? నీకూ ఆ పట్టింపు ఉందా?"

"నేను పట్టించుకుంటే ఏ పూటా తిండి ఉండదండి," అంటూ సుభాష్ చెప్పులు విప్పి ఆకు ముందు కూర్చున్నాడు.

కూర మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. మాస్టారు కూడా ఎదురుగా ఆకేసుకుని, కబుర్లు చెబుతూ, చాలాకాలానికి కడుపునిండా తిన్నారు. యామిని అది కూడా తీసి పెట్టింది.

పదకొండు మంది చూశారు.