జిల్లుమనే స్విచ్చికి జేజేలు

ఇంట్లో పాత వైరింగు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని మరీ రాస్తున్నాను.

కొత్త వైరింగు ఉన్న ఇళ్లు చూశారా? ఎవడు పడితే వాడు వచ్చి ఏ స్విచ్చి పడితే ఆ స్విచ్చి నొక్కేస్తాడు. లైటు వెలుగుతుంది. అంతే! అందులో భయం లేదు, భక్తి లేదు. అదే పాత వైరింగు ఇంట్లో అయితే పిల్లలకు మాటలు రాకముందే పాఠాలు మొదలవుతాయి. తడిచేత్తో ముట్టుకోకు. మూలనున్న స్విచ్చి గోటితో నొక్కు. వరండా లైటు వేయాలంటే ముందు హాల్లో ఫ్యాను ఆపు, ఎందుకని మాత్రం అడక్కు. ఇంత క్రమశిక్షణ ఏ బడిలో నేర్పుతారు చెప్పండి?

మా అక్కాబావల ఇల్లే తీసుకోండి. ఆ ఇంటి వైర్లు వయసులో మా బావగారి కంటే పెద్దవి. స్విచ్చి వేయగానే వెలగడం అక్కడి బల్బులకు నామోషీ. కాసేపు ఆలోచించి, రెండుసార్లు కళ్లార్పి, సరేలే పాపం అనుకుని అప్పుడు వెలుగుతాయి. ముందూ వెనకా ఆలోచించి పనిచేసేవాళ్లు మనుషుల్లోనే కరువైన రోజులివి!

ఒకప్పుడు ఆ ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతుండేది. మా బావగారు విసిగిపోయి, అందులోని సన్నతీగ పీకేసి, బట్టలారేసుకునే తీగంత లావు రాగితీగ బిగించారు. ఆ తర్వాత ఫ్యూజు పోతే ఒట్టు! సమస్యను వేళ్లతో సహా పెకలించడమంటే ఇదీ అని వచ్చిన చుట్టాలందరికీ చూపించారు. అందరికంటే ముందు తను కాలిపోయి మిగతావాళ్లను కాపాడటమే ఆ సన్నతీగ ఉద్యోగమనీ, దాన్ని పనిలోంచి తీసేశాక ఆ ఉద్యోగం ఇంటి నెత్తిన పడిందనీ సణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటివాళ్లను పట్టించుకుంటే సంసారాలు సాగవు.

ఈమధ్య ఆ ఇంటికి మరమ్మతులు మొదలయ్యాయి. మా బావగారి పద్ధతిలో ముందు గోడలకు రంగులు, నేలకు టైల్స్, తర్వాత హాల్లో ఫాల్స్ సీలింగు, అందులో బోలెడన్ని బుల్లి లైట్లు. వైరింగు సంగతి ఆఖర్న, అదీ తీరుబడి ఉంటే. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాక బనియను కోసం వెతుక్కున్నట్టన్నమాట. పైన పటారం లోన లొటారం అని వెనకటివాళ్లు వెక్కిరించారు గానీ, వచ్చినవాళ్లు చూసేది పటారాన్నే కదా?

మా అక్కది మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట.

"సీలింగు మూసేస్తే మళ్లీ ఎవరూ విప్పరు. ముందు ఆ వైర్లు చూపించండి. వంటింటి లైటు వేసినప్పుడల్లా మోచేతి దాకా జిల్లుమంటోంది."

"అంతా నీ భ్రమ. లైటు వెలుగుతోందా, లేదా? వెలుగుతోందంటే వైరు బాగున్నట్టే" అనేవారు బావగారు.

ఎంత చక్కటి తర్కం! మనిషి నడుస్తున్నాడంటే జబ్బు లేనట్టే. ఈ సూత్రం ముందే తెలిసుంటే లోకంలో ఇన్ని ఆస్పత్రులు కట్టుకునేవాళ్లమా?

చివరికి అక్క పోరు పడలేక ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. ఆయన మెయిన్ ఆపి, హాల్లో ఒక లైటు పాయింటు విప్పి, లోపలి వైరును రెండు వేళ్లతో వంచాడు. పైతొడుగు ఎండిన ఉల్లిపొరలా చిట్లి కొత్త టైల్స్ మీద రాలింది. మా అక్క ఆ రాలిన పొరల వైపు చూసింది. బావగారు టైల్స్ వైపు చూశారు.

"అంతా తీసేసి కొత్తది లాగాలండి. ఎర్త్ కూడా లేదు. అక్కడక్కడ గోడ కొట్టాల్సి వస్తుంది" అన్నాడాయన.

"మొన్ననే రంగు వేయించామయ్యా. కాస్త టేపు చుట్టి మూసెయ్."

"మీ ఇల్లు, మీ ఇష్టం. రేపు సీలింగువాళ్లు వస్తారుగా, ఈలోగా ఏదో ఒకటి చెప్పండి" అని మెయిన్ వేసి వెళ్లిపోయాడు.

బావగారు అక్కడే కూర్చున్న నావైపు తిరిగారు. "నువ్వు పేపర్లో రాసేవాడివి. నువ్వు చెబితే మీ అక్క వింటుంది." నేను వెంటనే అందుకున్నాను. పూర్వులు ఇంత కరెంటు ఎరగరనీ, చిన్నచిన్న షాకులు నరాలకు మంచివేననీ ధారాళంగా చెప్పాను. మా అక్క అంతా విని, చీర కొంగుతో చేయి తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది.

"సరే, మీ ఇద్దరిదీ ఒకే మాట. అలాగే కాఫీ కూడా మీరే పెట్టండి. పొద్దున తిన్న షాకుకి నా చేయి ఇంకా లాగుతోంది."

పొద్దు వాలుతోంది. వంటగది మసకబారింది. బావగారు హుందాగా లోపలికి వెళ్లి గిన్నె కడిగి, తడిచేయి స్విచ్చి దాకా తీసుకెళ్లి, టక్కున ఆగిపోయారు. అటూ ఇటూ చూశారు. చేయి పంచెకు తుడుచుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేసి, చెక్క గరిటె అందుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, దాని కొసతో స్విచ్చి నొక్కారు.

లైటు రెండుసార్లు కళ్లార్పి వెలిగింది. గుమ్మంలో మా అక్క నిలబడి ఉంది.

"భ్రమకి గరిటెందుకండీ?" అంది. గొంతు పెంచలేదు. "మీకు తెలుసన్నమాట."

బావగారు గరిటెను ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకుని ఉండిపోయారు. నాకేమో అక్క ముఖం చూసే ధైర్యం లేకపోయింది. మర్నాడు సీలింగువాళ్లను వెనక్కి పంపేశారు. గోడ మీద మొదటి సుత్తి దెబ్బ పడగానే మొన్నటి రంగు పెచ్చులుగా ఊడిపడింది.

అయినా నా వాదన నాదే. పాత వైరింగు ఎంత భద్రమైనదో తేల్చడానికి మీటర్లూ గీటర్లూ ఎందుకు? ఏమీ కాదని తీర్పు చెప్పే పెద్దమనిషిని ఒక్క పూట ఆ స్విచ్చి ముందు నిలబెట్టండి చాలు. షాకు తినే చేయి ఒకరిదీ, "ఏం కాదులే" అనే నోరు ఇంకొకరిదీ అయినన్నాళ్లు ఈ లోకంలో ఏ వైరింగూ పాతబడదు!