మబ్బుపిల్ల పాటకు చరణం కూడా ఉంది

మానవజాతి కనిపెట్టిన సంగీత ప్రచార సాధనాలన్నిటిలోకీ నీటి సరఫరా మండలి వారి ఫిర్యాదుల ఫోను అత్యుత్తమమైనది. రేడియో వింటూ జనం కూరలు తరుగుతారు. సినిమా హాల్లో పాట రాగానే లేచి బయటికి పోతారు. ఫిర్యాదుల ఫోను పట్టుకున్న మనిషి మాత్రం ఊపిరి బిగబట్టి, ఒక్క స్వరం కూడా జారిపోకుండా వింటాడు. (ఎక్కడ తన వంతు దాటిపోతుందోనన్న భయంతోనే అనుకోండి. అయినా శ్రద్ధ శ్రద్ధే.)

ఈ సత్యం మన సంగీత దర్శకురాలికి ఆలస్యంగా తెలిసింది. ఆవిడ ఒక యానిమేషన్ సినిమాకు పాటలు కట్టింది. ఎండిపోతున్న ఓ మొక్క కోసం దారి వెతుక్కుంటూ వచ్చే మబ్బుపిల్ల కథ అది. అందులో అసలైన పాట ఇలా మొదలవుతుంది:

"ఉండమ్మా కొమ్మా, వచ్చేస్తున్నా,
కొండలు దిగి నీకై కదిలొస్తున్నా."

పల్లవిలో మబ్బు వస్తానంటుంది. చరణంలో నిజంగానే వస్తుంది, కురుస్తుంది. ఆ చరణం కోసం ఆవిడ నిద్రాహారాలు మానుకుంది. పల్లవి చివర ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంచి, పియానో మీద చినుకు చినుకుగా మొదలుపెట్టి, ఆఖరికి గొంతులన్నీ కలిపి కుండపోతగా కురిపించింది. జన్మలో ఒక్క మంచి పని చేశానంటే అది ఈ చరణమేనని ఆవిడ నమ్మకం. నమ్మకం నిజమే గానీ, సినిమా వారం తిరక్కుండానే హాళ్లలోంచి వెళ్లిపోయింది.

అప్పుడు మండలి వారి నిరీక్షణ సంగీత విభాగం రంగంలోకి దిగింది. (అలాంటి విభాగం ఉంది. అందులో ముగ్గురు పనిచేస్తారు. ఫోన్లు ఎత్తే విభాగంలో ఒకరు.) విభాగాధికారి ఆవిడకు స్వయంగా ఫోన్ చేశాడు.

"మీ పాట మాకు అతికినట్టు సరిపోయిందండీ. మేం చెప్పేదీ అదే కదా, ఉండండి, వచ్చేస్తున్నాం అని."

"మరి చరణం?"

"చరణం కుదరదండీ. అందులో నీళ్లొస్తాయి. రేపు జనం దాన్ని మా హామీ అనుకుంటే ఎవరు జవాబు చెప్పాలి?"

అలా ఫోనులో పల్లవి ఒక్కటే తిరగడం మొదలైంది. పల్లవి అయ్యాక ఓ క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అదృష్టవంతులకు "చెప్పండి" అన్న గొంతు వినిపించేది, మిగతావాళ్లకు లైను తెగిపోయేది. కొన్నాళ్లకే పాట ఊరందరి నోళ్లలో నానింది. పళ్ల డాక్టరు పన్ను పీకుతూ కూనిరాగం తీసేవాడు. నడక రాని పిల్లలు సైతం పల్లవి వినపడితే ఖాళీ బకెట్టు వైపు చూసేవారు.

ఇంత పేరున్న పాటను వాడుకోకపోతే పాపమని ఒక నాటక దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. సినిమాను నాటకం చేస్తానన్నాడు. చరణం పూర్తిగా పాడించాలని ఆవిడ షరతు పెట్టింది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టేశాడు.

ఇంట్లో అత్తగారు మాత్రం వేరే సంగతి ఎత్తింది.

"నీ చరణం సంగతి సరేగానీ అమ్మాయ్, ఆ మండలివాళ్లకి ఓసారి ఫోన్ చెయ్యి. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏం రావట్లేదు."

కోడలు రోజూ ఫోన్ చేసింది. చెవి కమిలిపోయేదాకా తన పాట తనే విన్నది. లైను తెగినప్పుడల్లా కుళాయి కన్నా చరణం గురించే ఎక్కువ బాధపడింది.

మొదటి ప్రదర్శనకు హాలు కిటకిటలాడింది. దూదిమూటలా తయారైన నటి పల్లవి ఎత్తుకోగానే హాలంతా గొంతు కలిపింది. సంగీత దర్శకురాలికి కళ్లు చెమర్చాయి. పల్లవి ముగిసింది. ఆవిడ ప్రాణంలా దాచుకున్న ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చింది.

హాలు మొత్తం లేచి నిలబడి "హలో, హలో" అంది.

కంగారులో నటి నోటికొచ్చిన మాట అనేసింది. "చెప్పండి." (ఆమె ఇంట్లోనూ కుళాయి ఉంది మరి.) అంతే, పైపు పగిలినవాళ్లూ, బురదనీళ్లు తాగుతున్నవాళ్లూ తెరపడేదాకా చెప్పారు. ముందు వరుసలో అతిథిగా కూర్చున్న విభాగాధికారి అంతా వినాల్సి వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని ఫోనులా పెట్టేయడానికి మీట ఉండదు. మర్నాడు రెండు వీధుల్లో నీళ్లొచ్చాయి.

ఆ తర్వాత టికెట్లు దొరకడం గగనమైపోయింది. మండలి వారు నాటకశాలను సాంస్కృతిక ఫిర్యాదుల కేంద్రంగా గుర్తించి, గుమ్మానికి బోర్డు తగిలించారు.

"ఒట్టేశారు కదండీ," అని ఆవిడ దర్శకుణ్ణి నిలదీసింది.

"చరణం తీసెయ్యలేదమ్మా, ఫిర్యాదులయ్యాక పాడదామనే ఉంది. అవి అవ్వట్లేదు. ఓ పని చెయ్యండి. రేపు ముందు వరుసలో కూర్చోండి. మబ్బుపిల్ల మొదట మిమ్మల్నే అడుగుతుంది. చరణం పాడమనండి. మొదటివాళ్లు ఏదడిగితే అది చేసి తీరాలని మండలివాళ్లే రూలు పెట్టారు."

మర్నాడు ఆవిడ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లింది. చెప్పాల్సిన వాక్యం దారంతా మననం చేసుకుంది. పల్లవి ముగిసింది. పియానో ఆయన మొదటి చినుకు మీద వేలు పెట్టి ఆవిడ వైపే చూస్తున్నాడు. మబ్బుపిల్ల వంగి, "చెప్పండి," అంది.

ఆవిడ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆ మాట తనకోసం వినబడింది. నోరు దాని దారిన అది తెరుచుకుంది.

"మా కుళాయిలో నెలరోజులుగా నీళ్లు రావట్లేదండీ."

పియానో ఆయన మెల్లగా మూత దించాడు. అత్తగారు కోడలి చెయ్యి నొక్కి, "చక్కగా చెప్పావమ్మా," అంది.

తెల్లవారేసరికి కుళాయిలో నీళ్లొచ్చాయి. బకెట్టు నిండేదాకా ఆవిడ పక్కనే నిలబడి పాడుకుంది, పల్లవి ఒక్కటే.