పొట్ట నిమురుకున్న అతిథి

పొద్దున్నే అరకు స్టేషన్‌లో అతిథిని కలిసి, ఊళ్లో కాఫీ రుచి చూపించి, మధ్యాహ్నానికి బేరం తేల్చెయ్యాలనుకుంది స్వర్ణ. జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం విశాఖలో ఏడాదిపాటు జర్మన్ నేర్చుకున్న పిల్ల. వచ్చేది అలోయిస్ అనే కాఫీ వ్యాపారి. ఇటలీ ఉత్తరాన, ఆస్ట్రియా సరిహద్దు కొండల మనిషి. ఇంట్లో మాట్లాడేది జర్మనేనని ముందే కబురు పంపాడు. ఆయన కొంటే రైతు సంఘం కాఫీ ఈ ఏడు దళారి చెప్పిన ధరకు పోదు.

రైలు దిగిన ఆయనకు స్వర్ణ జర్మన్‌లో స్వాగతం చెప్పింది. ఆయన నోరు విప్పాడు. స్వర్ణకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అది జర్మనే, కానీ ఆ కొండల యాస. ఆమె చదివిన పుస్తకంలో లేనిది.

"ఏటంతన్నాడే గుంటా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు సర్వేశ్వరరావు.

తెలీదంటే ఏడాది చదువూ గంగపాలు. అతిథి పొట్ట నిమురుకుంటున్నాడు.

"ఆకలంట మావయ్యా."

ఇంటి దగ్గర కాఫీ తాగించి, స్వర్ణ తల్లి సోములమ్మ రాగి అంబలి, కోడికూర పెట్టింది. ఆయన రెండు చేతులూ ఊపుతూ ఏదో అన్నాడు.

"శానా బాగుందంట. ఇంకొంచెం ఎయ్యమంతన్నాడు."

పక్కింటి సుక్రు ఊరుకోలేక తన ఇంటి కూర కూడా తెచ్చి వడ్డించాడు. ఆయన దండం పెట్టి కొండవైపు చూపించాడు.

"పైతోట సూడాలంట," అంది స్వర్ణ.

కడుపు నిండిన మనిషిని నిట్టనిలువు దారిలో నడిపించారు. తోటలో ఆయన రాయి మీద కూలబడి, కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు.

"ఇప్పుడేటి?" అన్నాడు సర్వేశ్వరరావు.

"కొండకి మొక్కుతన్నాడు."

"మన కొండకే! బేగి పూజారిని పిలండి. డప్పులు కూడా!"

డప్పులు మోగాయి. పూజారి కోడిని పట్టుకొచ్చాడు. ఆ కోడిని చూడగానే అలోయిస్ లేచి, స్టేషన్ వైపు దిగడం మొదలుపెట్టాడు.

స్వర్ణ పరిగెత్తి అడ్డం నిలబడింది. బేరం పోయేకన్నా తన పరువు పోవడమే నయమనుకుంది. "క్షమించండి. పొద్దుటి నుంచీ మీ మాట నాకు ఒక్కటీ తెలియలేదు," అంది పుస్తకంలోని జర్మన్‌లో.

ఆయన ముఖం విప్పారింది. తడుముకుంటూ, తనూ ఆ పుస్తకపు భాషలోనే జవాబు చెప్పాడు. స్వర్ణ తెల్లబోయింది.

"మావయ్యా, నా మాట వాళ్ల బళ్లో పంతులమ్మ మాటలాగుందంట. అందులో నోరిప్పితే నేను తప్పులు పడతానని బయపడి యాస వదల్లేదంట. రైల్లోనే తినీసి వచ్చాడంట. కొండ సూపించింది, తన ఊరూ ఇలాగే ఉంటాదని."

"మరి మొక్కింది?"

"ఆయాసం."

సర్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ముందు కాఫీ సంగతి అడుగు."

"తాగినప్పుడే నచ్చీసిందంట. మన ధరకే కొంటాడంట. ఇంకేటీ తినిపించకపోతేనంట."

ఒప్పందం ఇంగ్లీషులో రాసుకున్నారు. అది అక్కడ ఎవరికీ పూర్తిగా రాదు కనుక ప్రతి మాటా అడిగి తేల్చుకున్నారు; అపార్థాలకు తావు లేకపోయింది.