ప్లస్ వచ్చినవారంతా పాస్

మనుషులకు జవాబివ్వడం ఎప్పుడో మానేసిన ఆ గణాంక కార్యాలయం, ఇకమీదట కంప్యూటర్‌తోనైనా పద్ధతిగా మాట్లాడాలని తీర్మానించింది. లెక్కలు కట్టే కొత్త భాషను సిబ్బంది అంతా నేర్వాలి. పరీక్ష తప్పినవారు నేలమాళిగకు పోవాలి. (అక్కడ విరిగిన కుర్చీలు ముందే ఉన్నాయి. వాటికి ఏ పరీక్షా పెట్టలేదు.)

సగటులు కట్టే గుమాస్తా గుండెల్లో రాయి పడింది. ఆయనది కిటికీ పక్క సీటు. భార్య పోయాక, అడక్కుండానే ఆయన్ని పొద్దున్నే పలకరించేది ఆ బల్లమీది ఎండ ఒక్కటే.

శిక్షణాధికారి నియమాలు వల్లించాడు. పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ చుట్టరికం లేదు. పేరు మధ్యలో ఖాళీ వదలకూడదు. తెరిచిన బ్రాకెట్‌ను... అంటుండగా టీ వచ్చింది. ఆ మిగతా సగానికి మళ్లీ ఎవరూ వెళ్లలేదు.

పరీక్షనాడు అందరూ బ్రాకెట్ తెరిచి, అంకెలు వేసి, ఎంటర్ నొక్కారు. బ్రాకెట్ మూయక మాట సగంలో ఆగితే ఆ యంత్రం కసరదు. ప్లస్ గుర్తొకటి చూపి, ‘కానివ్వండి’ అన్నట్టు ఎదురుచూస్తుంది. (అంత మర్యాద ఆ భవనంలో ఇంకెవరికీ లేదు.) డైరెక్టరుగారు ప్లస్ చూసి మురిసిపోయి, అది వచ్చినవారంతా పాసని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. ఎంటర్ నొక్కుతూ పోయి తెరనిండా ప్లస్సులు పండించిన టైపిస్టమ్మ సాయంత్రానికల్లా ఉపశిక్షకురాలైంది.

గుమాస్తా చెయ్యి మాత్రం దానంతటదే బ్రాకెట్ మూసేసింది. కుళాయి తిప్పినా డబ్బా మూత తీసినా, “తెరిచిన చేత్తోనే మూయండి” అని కాపురమంతా వెంటపడిన మనిషి పెట్టిన అలవాటది.

“మీకు ప్లస్ రాలేదేంటండీ?” అన్నారు డైరెక్టరుగారు.

“జవాబు వచ్చిందండీ.”

“జవాబు సంగతి తర్వాత. ప్లస్ ఏదీ?”

“పోనీ, మూసింది తీసేయండి బాబాయిగారూ, ఎవరు చూడొచ్చారు,” అని టైపిస్టమ్మ చెవిలో ఊదింది. ఆయనకు చెయ్యి రాలేదు.

నేలమాళిగలో పైకప్పు కింద ఒక చిన్న వెంటిలేటరు ఉంది. మధ్యాహ్నం కాసేపు, విరిగిన కుర్చీల్లో ఒకదాని మీద ఎండ వాలుతుంది. ఆయన దాని పక్కనే బల్ల వేసుకున్నాడు.

పైన అందరూ ఉత్తీర్ణులే. ఒక్క లెక్కా తేలలేదు. జవాబు కావలసినప్పుడల్లా ఎవరో ఒకరు కిందికి దిగి వస్తారు. పట్టుకుపోయేటప్పుడు తలుపు మాత్రం మూయరు.