డైరెక్టర్ల దస్తూరి

బోధన్ రోడ్డు మీది మధుర షుగర్స్ ఫ్యాక్టరీలో బాయిలర్ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతున్నదో 1996 చెరుకు క్రషింగ్ సీజనులో శాస్త్రీయంగా తేలిపోయింది. తప్పు బాయిలర్‌ది కాదట, సిబ్బంది దస్తూరిదట. ఈ సత్యాన్ని బయటికి తీయడానికి కంపెనీవారు పుణె నుంచి ప్రొఫెసర్ ఆత్మారాం గారిని పిలిపించారు. బాయిలర్ మిస్త్రీని పిలిపిస్తే సరిపోయేది కదా అని మీబోటివాళ్ళు అడుగుతారు. అందుకే మీరు డైరెక్టర్లు కాలేకపోయారు.

ప్రొఫెసర్ గారు కంఠేశ్వర్‌లోని హెడ్డాఫీసు బోర్డు రూములో నిలబడి ఉపన్యసించారు. "మహాశయులారా! మనిషి అబద్ధమాడతాడు, అక్షరం ఆడదు. ఒక్క పేజీ రాసివ్వండి. మీలో నాయకుడెవరో, నాశనకారుడెవరో వేలు పెట్టి చూపిస్తాను." చైర్మన్ రాజేశ్వర్ గారు బల్ల చరిచి మెచ్చుకున్నారు. బయట చెరుకు బండ్లు ఎండలో నిలబడి ఉన్నాయి, కొందరు రైతులు ఓపిక నశించి మహారాష్ట్ర ఫ్యాక్టరీలకు తోలుకుపోతున్నారు. అయినా బోర్డు వారు తొణక్కుండా తీర్మానించారు: డైరెక్టర్లు మొదలుకొని గుమాస్తాల దాకా అందరూ 'నా జీవిత లక్ష్యం' అనే విషయం మీద తెలుగులో ఒక పేజీ రాసివ్వాలి. గుణం మంచిదని తేలినవాళ్ళు ఉంటారు, తేలనివాళ్ళు ఇంటికి పోతారు.

ఇంటికి పోవడమనే మాటకు ఆఫీసంతా వణికింది గానీ హెడ్ క్లర్కు రాజనర్సు మాత్రం మీసం సవరించుకున్నాడు. అతని అక్షరాలు చూసి అచ్చు అనుకున్నవాళ్ళున్నారు. కంపెనీలో సన్మానపత్రం రాయాలన్నా, సంతాప తీర్మానం రాయాలన్నా అతని చెయ్యే. ఆ పొగరంతా ఇంటికి మోసుకుపోయి, బీడీలు చుడుతున్న భార్య శ్యామలమ్మ ముందు దించాడు.

"ఇగ సూడు, నాకు ప్రమోషన్ ఎక్కడికీ పోదు."

"గా కాయితం సూసి నౌకరి ఇస్తరా, ఉన్నది తీస్తరా? ముందు గది అర్సుకో," అంది శ్యామలమ్మ, చేతిలో బీడీ ఆపకుండానే. ఆమె బీడీలతో ఉప్పూ పప్పూ వస్తాయి. ఇంటి కిరాయి, పిల్లల చదువు అతని జీతం మీదే నడుస్తాయి. రాజనర్సు ఆ మాట చెవిన పెట్టలేదు.

మధుర షుగర్స్‌లో ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు రాయరు, సంతకం పెడతారు. జేబులో పెన్ను ఉంటే గుమాస్తా, లేకపోతే ఆఫీసరు, పక్కవాడు మూత తీసి అందిస్తేనే అందుకునేవాడు డైరెక్టరు. అంతటి వాళ్ళు కూర్చుని ఒక పేజీ రాయడమేమిటి, చోద్యం కాకపోతే! మర్నాడే చైర్మన్ గారు రాజనర్సును పిలిచారు.

"నర్సూ, నా జీవిత లక్ష్యమేందో జర మంచిగ రాయి."

"ఏం రాయాలె సార్?"

"గది నీకు తెల్వదా? ఇన్నేండ్ల సంది నా దగ్గర పని చేస్తున్నవ్."

చైర్మన్ గారిది అయ్యాక మేనేజింగ్ డైరెక్టరుది, ఆయనదయ్యాక మిగతా డైరెక్టర్లవి. అన్ని లక్ష్యాలూ రాజనర్సే రాశాడు. ఇందులో మోసముందని రాయించినవాళ్ళకు గానీ రాసినవాడికి గానీ కలలో కూడా తోచలేదు. పూజ పంతులు చేస్తే పుణ్యం ఇంటి యజమానికి రావడం లేదా? చెరుకు రైతుల తరఫు డైరెక్టరు భూమన్న ఒక్కడే తన కాగితం మీద తనే వేలిముద్ర వేసి ఇచ్చాడు. ప్రతి మీటింగులో బాయిలర్ బాగు చేయించమని అడిగే మనిషికి జీవిత లక్ష్యం ఉండదని ప్రొఫెసర్ గారు ఆ ముద్ర చూడకముందే గ్రహించారు. డైరెక్టర్ల పేజీలన్నీ అయ్యాక రాజనర్సు తన పేజీ కూడా తీరికగా, ముచ్చటగా రాసుకున్నాడు.

ఫలితాలు చదివే రోజు బోర్డు రూములో సమోసాలు పెట్టారు. ప్రొఫెసర్ గారు చైర్మన్ గారి పేజీ ఎత్తి చూపించారు. "చూడండి, తలకట్టు పైకి లేచింది. మహోన్నత ఆశయం! కొమ్ము పొడుగ్గా సాగింది. దూరదృష్టి! సున్న ఎక్కడా విడిపోకుండా మూసుకుంది. నిండుకుండ లాంటి మనిషి!" మేనేజింగ్ డైరెక్టరు దస్తూరిలో సముద్రమంత గాంభీర్యం కనిపించింది. తక్కినవారిలో ఒకరు మేధావి, ఒకరు కర్మయోగి. గోడ పక్కన నిలబడ్డ రాజనర్సు ఒక్కో మాటకూ తల ఊపాడు. నిజమే, చైర్మన్ గారు అటువంటివారే అనుకున్నాడు.

చివరికి అతని పేజీ వచ్చింది.

"తలకట్టు పైకి లేచింది. అహంకారం. కొమ్ము పొడుగ్గా సాగింది. పరుల సొత్తుకు చెయ్యి చాచే గుణం. సున్న మూసుకుంది. లోపల కుట్ర ఉంది. బాయిలర్‌కు పట్టిన పీడ ఈ మనిషే."

రాజనర్సుకు కిరాయి ఇల్లు, పిల్లల ఫీజులు, భార్య మొహం ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఆ భయంలోనే నోరు పెగిలింది.

"సార్, గవన్నీ నేనే రాసిన గద. తలకట్టు గదే, కొమ్ము గదే. నా ఒక్కని కాయితంలనే ఎట్ల పాడైంది?"

ప్రొఫెసర్ గారు మంచినీళ్ళు తాగారు. చైర్మన్ గారు మాత్రం కోప్పడలేదు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు.

"రాసింది నువ్వే నర్సూ. ఎవలు కాదన్నరు? రాయించింది మేము."

"అదే శాస్త్రం!" అన్నారు ప్రొఫెసర్ గారు, ప్రాణం లేచి వచ్చినట్టు. "నల్లాలోంచి నీళ్ళు వస్తాయి. అవి నల్లావి కావు, పైన ట్యాంకువి. ఇతను తన కోసం రాసుకున్నప్పుడే ఇతని అసలు గుణం బయటపడింది."

డైరెక్టర్లంతా ఊపిరి పీల్చుకున్నారు. "మరి బాయిలరో?" అని భూమన్న అడగబోతే, అది ఎజెండాలో లేదని కూర్చోబెట్టారు. రాజనర్సును వెంటనే ఉద్యోగంలోంచి తొలగించాలని తీర్మానమైంది. తీర్మానాన్ని మినిట్స్ బుక్కులో ఎక్కించాలి. ఎవరెక్కిస్తారు? డైరెక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ తరువాత అందరూ కలిసి రాజనర్సు మొహం చూశారు.

"రాయి నర్సూ. జర నీట్‌గ రాయి, రికార్డుల ఉంటది," అన్నారు చైర్మన్ గారు.

పుస్తకం తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది రాజనర్సుకు. ఒళ్ళంతా మండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కూర్చున్నాడు. మార్జిను వదిలాడు, వంకర పోకుండా రాశాడు, తొలగించబడిన ఉద్యోగి పేరు దగ్గర కింద గీత కూడా గీశాడు.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ మీదికి వంగారు. "ఆహా! ఎంత దృఢత్వం, ఎంత న్యాయబుద్ధి! పది ఫ్యాక్టరీలను ఒంటిచేత్తో నడపగల అక్షరాలివి!" అని చైర్మన్ గారికి నమస్కరించారు. చైర్మన్ గారు వినయంగా తల వంచి సంతకం చేశారు.

అందరూ చప్పట్లు కొట్టారు. రాజనర్సు కూడా కొట్టాడు, అలవాటు కొద్దీ. అతన్ని చూసి నవ్వుకునే ముందు, కిందటి సభలో మీరు చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టిన ఉపన్యాసం ఎవరు రాసిచ్చిందో ఒకసారి కనుక్కోండి.