తాగకూడదని లేదు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగులన్నీ ఎండి ఒక్క మడుగు మిగిలింది. మిగలడమే తడవు, దానికొక కచేరీ వెలిసింది.

అధ్యక్షుడు అడవిదున్న. నెమరు వేస్తుంటే ఆయన తల ఆడుతుంది. దాన్ని ఆమోదం కింద రాసుకోవడం గుమాస్తా నక్క గవర్రాజు పని.

గవర్రాజు ఎప్పుడూ అవునని రాయడు. రేపు మడుగు ఇంకితే తాగడానికి అనుమతి ఎవరిచ్చారంటారు. కాదనీ రాయడు. ఎందుకివ్వలేదంటారు.

"ఒకే మాటలో రెండు కాదులు పెట్టండి. మనల్ని అడిగే నాథుడుండడు" అని కిందివాళ్లందరికీ నేర్పాడు.

దుప్పి చుక్కమ్మ మూడు రోజులుగా ఆ కచేరీ ముందే ఉంది. పక్కన కూన. దాని నాలుక తెల్లబడింది. పొద్దుటి నుంచి 'అమ్మా' అనడం కూడా మానేసింది. అప్పటి నుంచి చుక్కమ్మ కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

"బాబూ, పిల్లకి నీళ్లు."

"అయ్యో, దానికేం తల్లీ!" గవర్రాజు ఆకు మీద గీకి ఇచ్చాడు. 'ఈ కూన నీళ్లు తాగకూడదని లేదు.'

మడుగు దగ్గర పొద్దుటి కాపలా కొండముచ్చుది. ఆకు చూసి పళ్లికిలించింది.

"కూడదన్నాడు, లేదన్నాడు. మా కొండముచ్చుల్లో ఒకసారి కాదంటే బతిమాలొచ్చు. రెండుసార్లంటే వీపు చిట్లుతుందనే. పో, పో."

సాయంత్రం కాపలా అడవిపందిది.

"ఆ తోకగాడు పొమ్మన్నాడా? మా పందుల్లో రెండు కాదులు ఎదురుపడితే ఒకదాన్నొకటి కుమ్ముకుని చస్తాయి. మిగిలేది ఔనే. భేషుగ్గా తాగొచ్చు."

చుక్కమ్మ అడుగు ముందుకేసింది.

"ఆగాగు! ఇది పొద్దుటి ఆకు కదమ్మా. వాడిపోయింది. పచ్చాకు తెచ్చుకో."

మళ్లీ కచేరీ. గవర్రాజు అప్పుడే మడుగులో మునిగి వచ్చాడు. తోక చివర నుంచి కారే చుక్కలనే కూన చూస్తోంది.

"కొండముచ్చు కాదనుకుంది. పంది అవుననుకుంది. ఏ భాషలో చూసినా తప్పు నాది కాదు. అదమ్మా పనితనమంటే!"

"మీ భాషలో ఏమన్నారు బాబూ?"

గవర్రాజు దగ్గాడు. "రేపు రా."

మర్నాడు తెల్లవారగానే కాపలా తీతువు ఎగురుకుంటూ వచ్చింది. ఆమధ్య ఎవరినో చూసి 'వస్తున్నారు' అని తిన్నగా అరిచినందుకు సంజాయిషీ రాసిచ్చుకున్న పిట్ట అది.

"అయ్యగారూ! వేటగాళ్లు వల పట్టుకుని మడుగు వైపు రావడం లేదని చెప్పడానికి వీల్లేదండీ!"

గవర్రాజు మురిసిపోయాడు. "చూశారా, నేర్చుకుంది! ఎక్కడా చిక్కలేదు. ఫైల్లో పెట్టండి." స్నానానికి బయల్దేరాడు.

చుక్కమ్మ ఆ మాటలు పట్టించుకోలేదు. తీతువు కాళ్లు చూసింది. తన కాళ్లలాగే వణుకుతున్నాయి. కూనను పొదలోకి తోసేసింది.

కాసేపటికి మడుగు గట్టున వల పడింది. అందులో గవర్రాజు. మోసుకుపోవడానికి కర్ర కావాలని వేటగాళ్లు వెనక్కి వెళ్లారు. కొండముచ్చు కొమ్మెక్కింది. పంది పొదలో దూరింది. అడ్డేవారెవరూ లేరు.

చుక్కమ్మ కూనను నీళ్ల దగ్గరికి తెచ్చింది. అది తల ముంచింది. ఒక గుక్క. రెండు. చెవులు కదిలాయి.

"చుక్కమ్మా! నా తల్లీ! ఈ తాడు కొరుకుతావా, కొరకవా?"

కూన తలెత్తి "అమ్మా" అంది.

అప్పుడు చుక్కమ్మ నోరు విప్పింది. "కొరకకూడదని లేదు బాబూ."

"అంటే అవునా, కాదా?" గవర్రాజు ఏడ్చాడు.

"కాదనే!" కొమ్మ మీంచి కొండముచ్చు.

"నీ మొహం, అవుననే!" పొదలోంచి పంది.

ఆ రెండూ తగువులాడుతుండగానే వేటగాళ్ల అడుగులు దగ్గరపడ్డాయి. కూనను ముందు నడిపించుకుని చుక్కమ్మ వెళ్లిపోయింది.

నీతి: అవునని చెప్పకూడదని ఏ చట్టంలోనూ లేదు, అందుకే ఏ కచేరీలోనూ ఎవరూ చెప్పరు.